ఊరు దాటాలనుకునే పిల్లలు: ఎనభైల అమెరికా సినిమాల మీద అక్కాతమ్ముళ్ల మాటలు

తమ్ముడు: ఈసారి రెండు సినిమాలే పట్టుకుందాం అక్కా. 1983లో వచ్చిన ‘ఆల్ ది రైట్ మూవ్స్’, 1984లో వచ్చిన ‘ఫుట్‌లూజ్’. రెండిట్లోనూ అమెరికాలో ఓ చిన్న ఊరు, ఓ హైస్కూల్ కుర్రాడు, వాడికి అడ్డం పడే ఓ పెద్దమనిషి.

అక్క: నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం, ముందే చెప్పేస్తున్నా. అందులో ఊరు ఊరులాగే ఉంటుంది. ఆంపైప్ అనేది కల్పించిన పేరే, కానీ తీసింది పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్‌లో. అప్పటికి అక్కడి స్టీల్ ఫ్యాక్టరీల్లో జనాన్ని తీసేస్తున్నారు, దేశం మొత్తం మీద నిరుద్యోగం బాగా ఎక్కువున్న ఊళ్లలో అదొకటి. దర్శకుడు మైఖేల్ చాప్‌మన్ అసలు కెమెరామన్, ‘రేజింగ్ బుల్’ తీసిన చెయ్యి అది. వీధి చూపించినా, ఫ్యాక్టరీ గోడ చూపించినా ఇక్కడ బతుకు ఎలా ఉందో మనకి ఇట్టే తెలిసిపోతుంది, ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.

తమ్ముడు: టామ్ క్రూజ్ చేసిన స్టెఫ్ కూడా అందుకే నచ్చుతాడు నాకు. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే వాడికి పిచ్చేం కాదు. ఇంజనీరింగ్ చదవాలి, ఇంట్లో డబ్బుల్లేవు, ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ, రాకపోతే ఇంట్లో మగవాళ్లంతా వెళ్లిన ఫ్యాక్టరీయే గతి. అంత లెక్కగా ఆలోచించే కుర్రాడు ఈ రకం సినిమాల్లో తక్కువ.

అక్క: ఆ లెక్కని తప్పుబట్టేది వాడి గర్ల్‌ఫ్రెండ్ లీసా కదరా! లియా థాంప్సన్ చేసింది. శాక్సఫోన్ వాయిస్తుంది, సంగీతం చదువుకోవాలని ఉంటుంది, కానీ బ్యాండ్‌లో వాయించే అమ్మాయి కోసం ఏ కాలేజీ వాళ్లూ ఊరికి రారు, ఫుట్‌బాల్ ఆడేవాడి కోసమైతే వెతుక్కుంటూ వస్తారు. నువ్వు వెళ్లిపోతావ్, నేనిక్కడే ఉండిపోతాను అన్న బాధ ఆ అమ్మాయి స్టెఫ్ మీద చూపిస్తుంది. వాడేం తప్పు చేయలేదు, ఆమె కోపమూ తప్పు కాదు. సినిమా మొత్తంలో అంత నిజమైన సన్నివేశం ఇంకోటి లేదు.

తమ్ముడు: ఆ తర్వాత ఏమైంది ఆమె కథ?

అక్క: అదే నా గొడవ. ఏమీ కాలేదు. అడగాల్సిన ప్రశ్న ఆ అమ్మాయి చేత అడిగించారు, జవాబు మాత్రం అబ్బాయికి ఇచ్చారు. కోచ్‌తో స్టెఫ్‌కి గొడవై, టీమ్‌లోంచి తీసేసి, కాలేజీల వాళ్లకి వాడి గురించి చెడ్డగా చెప్పి, చివర్లో అదే కోచ్ తనకి వేరే ఊళ్లో కాలేజీ ఉద్యోగం రాగానే వచ్చి నీకూ స్కాలర్‌షిప్ ఇప్పిస్తానంటాడు. అయిపోయింది. గంటన్నర పాటు ఊరంతా కూలిపోతోందని చూపించి, ఒక మనిషి మనసు మారితే ఒక కుర్రాడు గట్టెక్కాడని చెప్పి ముగించేశారు. మిగతా టీమ్ సంగతేంటి? దొంగతనం చేసి పోలీసులకి దొరికిన ఆ కుర్రాడి సంగతేంటి?

తమ్ముడు: ఒప్పుకుంటా. కానీ స్టెఫ్ ఫ్రెండ్ బ్రయాన్‌ని మర్చిపోకు. గర్ల్‌ఫ్రెండ్‌కి కడుపొస్తే స్కాలర్‌షిప్ వదిలేసి పెళ్లి చేసుకుంటాడు. ఆ పాత్ర క్రిస్ పెన్‌ది, మరుసటి ఏడాది ‘ఫుట్‌లూజ్’లో డాన్స్ రాని విల్లర్డ్ కూడా అతనే. నిజంగానే అతనికి డాన్స్ వచ్చేది కాదట, అందుకే కెవిన్ బేకన్ అతనికి స్టెప్పులు నేర్పించే ఆ పాట పెట్టారంటారు.

అక్క: ఆ పాట ఎన్నిసార్లు చూసినా సంతోషంగానే ఉంటుంది, అందులో వాదన లేదు. పొలం గట్టున, స్కూల్ మెట్ల మీద, ఎక్కడ పడితే అక్కడ కాలు కదపలేక కదుపుతూ ఉంటాడు, మొహంలో సిగ్గు, మొండితనం రెండూ కనపడతాయి.

తమ్ముడు: ఊళ్లో డాన్స్ చేయకూడదన్న ‘ఫుట్‌లూజ్’ కథ కూడా గాల్లోంచి పుట్టలేదు. ఓక్లహోమాలో ఎల్మోర్ సిటీ అని చిన్న ఊరుంది, అక్కడ డాన్స్ మీద ఎప్పటిదో పాత నిషేధం. 1980లో హైస్కూల్ పిల్లలు మాకు ప్రామ్, అంటే స్కూల్ డాన్స్ పార్టీ, కావాలని అడిగారు, చర్చిల వాళ్లు వద్దన్నారు, చివరికి స్కూల్ బోర్డు ఒప్పుకుంది. ఆ వార్త పట్టుకుని డీన్ పిచ్‌ఫోర్డ్ స్క్రిప్ట్ రాశాడు. తీసింది మాత్రం యూటాలో.

అక్క: మరి సినిమాలో ఏం జరిగిందో గుర్తుందా? కెవిన్ బేకన్ చేసిన రెన్ ఊరి కౌన్సిల్ ముందు బైబిల్ చదివి వినిపిస్తాడు, దావీదు దేవుడి ముందు నాట్యం చేశాడంటాడు. బ్రహ్మాండమైన సీన్. కౌన్సిల్ అయినా కాదంటుంది. ప్రామ్ ఊరి పొలిమేర అవతలున్న పిండిమిల్లులో పెట్టుకుంటారు, ఎందుకంటే అక్కడ ఆ చట్టం చెల్లదు. అంటే చట్టం అలాగే ఉంది! నిజం ఊళ్లో పిల్లలు అడిగి ఒప్పించుకున్నారు, సినిమాలో పక్కదారి వెతుక్కున్నారు.

తమ్ముడు: దాన్ని నేను లోపం అనను. ఆ నిషేధం వెనకున్న పాస్టర్ మనసు మారడమే అసలు కథ. జాన్ లిత్‌గో ఆ పాత్రని విలన్‌గా చేయలేదు. కొడుకు కారు ప్రమాదంలో పోయాడు, ఆ దుఃఖమంతా ఊరి మీద నిషేధంగా రుద్దాడు. తన మాటలు విన్నవాళ్లే ఓ రాత్రి పుస్తకాలు తగలబెడుతుంటే వెళ్లి ఆపుతాడు చూడు, తను మొదలుపెట్టిందే తన చెయ్యి దాటిపోయిందని అప్పుడర్థమవుతుంది ఆయనకి. టీనేజ్ సినిమాలో పెద్దవాడికి అంత చోటివ్వడం చాలా అరుదు. ఎనభైల సినిమాలు మళ్లీ మళ్లీ చూడబుద్ధయ్యేది ఇందుకే అంటాను నేను.

అక్క: లిత్‌గో విషయంలో నీ మాటే నా మాట. కానీ ఆయన కూతురు ఏరియల్‌ని చూడు. పాత బాయ్‌ఫ్రెండ్ చక్ ఆ పిల్లని కొడతాడు, కన్ను వాచిపోతుంది. సినిమా దాని గురించి పెద్దగా మాట్లాడదు, తర్వాత వాడు ప్రామ్ దగ్గరికి గొడవకొస్తే మగపిల్లలు నాలుగు తగిలిస్తారు, లెక్క సరిపోయిందంటారు. ఆ పిల్లకి ఏమనిపించిందో ఎవరడిగారు?

తమ్ముడు: ఎవరూ అడగలేదు. నిజమే.

అక్క: ఇంకోటి. విల్లర్డ్ నేర్చుకునే ఆ పాట పాడింది డెనిస్ విలియమ్స్, నల్లజాతి గాయని, అమెరికాలో నంబర్ వన్‌కి వెళ్లిన పాట. నల్లజాతి బృందం షలమార్ పాట కూడా ఉంది అందులో. కానీ తెర మీద ఆ ఊళ్లో అందరూ దాదాపు తెల్లవాళ్లే. గొంతులు కావాలి, మనుషులు అక్కర్లేదు. ఒకసారి ఇది కనపడ్డాక పాట విన్న ప్రతిసారీ గుర్తొస్తుంది నాకు.

తమ్ముడు: అయినా చూడమనే చెప్తావుగా?

అక్క: తప్పకుండా చూడాలి. ఇప్పటి టీనేజ్ సిరీస్‌ల్లో పిల్లల ఇళ్లకి అద్దె ఎవరు కడతారో, నాన్న ఏం పని చేస్తాడో చాలాసార్లు తెలియదు. వీటిలో తెలుస్తుంది. చూడండి, కాకపోతే అమ్మాయిల వైపు నుంచి కూడా ఓసారి చూడండి.

తమ్ముడు: సరే, వచ్చే ఎపిసోడ్‌కి ‘స్టాండ్ బై మీ’. 1986 సినిమా, కథ జరిగేది 1959లో, ఆరెగన్‌లోని ఓ చిన్న ఊళ్లో.

అక్క: నలుగురు మగపిల్లలు, అమ్మాయిలు దాదాపు లేనే లేరు. చూస్తాన్లే, ఆ నలుగురిలో ఒకడిగా చేసిన రివర్ ఫీనిక్స్ కోసమైనా చూస్తాను. కానీ గొడవ మాత్రం తప్పదు నీకు.