స్కిడ్ ప్లేటు ఎన్ని ఎంఎం అని అడిగేవాళ్ల కోసం

ఆఫ్‌రోడ్ బండి చూపిస్తే చాలు, ఇంజిన్, గేర్‌బాక్స్‌ల కింద రక్షణగా బిగించే స్కిడ్ ప్లేటును వేళ్లతో తట్టి, దాని మందం "ఎన్ని ఎంఎం?" అంటారు. 6 అంటే శభాష్, 3 అంటే పెదవి విరుపు. నాకు ఒళ్లు మండేది అక్కడే. రాయి దెబ్బను ఆపడానికే ప్లేటు పెడతారనుకుంటారు. దాని అసలు పని రెండు టన్నులకు అటూఇటూగా ఉండే బండిని రాయి మీద నుంచి జార్చడం.

ఉప్పాడలోనో భీమిలిలోనో పడవను ఒడ్డుకు లాగడం చూసే ఉంటారు. ముక్కు పైకి లేచి ఉంటుంది, అడుగు నున్నగా ఉంటుంది, ఒక్క మేకు తల కూడా బయటికి పొడుచుకు రాదు. అదే ముక్కు నిలువుగా ఉంటే ఇసుక తవ్వుకుంటూ ఆగిపోతుంది. చెక్క ఎంత మందమైనా లాభం లేదు.

ఇప్పుడు ఈ ఇసుజు వీ-క్రాస్ కిందికి రండి. మన శ్రీసిటీలో తయారయ్యే పికప్పే. ప్లేటు మీద రాళ్ల గీతలన్నీ ముందు నుంచి వెనక్కి సాఫీగా ఉన్నాయి కదా? అంటే జారింది, సంతోషం. ఇక ఈ బోల్టు చూడండి. తల అరిగి గుండ్రమైపోయింది, స్పానర్ పట్టదు. బండి బరువంతా దీని మీదే ఈడ్చుకొచ్చింది. ఆయిల్ మార్చాలంటే ప్లేటు విప్పాలి, అందుకు ముందు దీన్ని కోయాలి! ప్లేటులో గుంట చేసి తలను లోపలికి దింపి ఉంటే ఈ తిప్పలుండేవి కావు. పడవ మేకు అన్నాను చూడండి, అదే.

రెండు ప్లేట్లు కలిసే అతుకు కూడా అంతే. ముందు ప్లేటు వెనకంచు, వెనక ప్లేటు ముందంచును కింద నుంచి కప్పాలి. తిరగేసి బిగిస్తే రాయి నేరుగా ఆ సందులో దూరుతుంది.

సరే, ఎంఎం సంగతి. 4 ఎంఎం స్టీలు చదరపు మీటరుకు సుమారు 31 కిలోలు. 6 ఎంఎం అల్యూమినియం 16 కిలోలే. అయినా వంగకుండా నిలబడటంలో అల్యూమినియమే కాస్త పైచేయి, ఎందుకంటే మందం రెట్టింపైతే ఆ బిగువు 8 రెట్లవుతుంది. మరి అందరూ అల్యూమినియమే వేయించుకోవచ్చుగా? మెత్తటి లోహం, రాయి దాన్ని చెక్కేసి పట్టుకుంటుంది. స్టీలు బాగా జారుతుంది. రాళ్లలోనే తిరిగేవాళ్లకు నా ఓటు స్టీలుకే. పలుచటి రేకుకైనా మడతలు, గాడులు పెడితే బిగువు వస్తుంది. ఆ డిజైన్‌కు ఎవరూ మార్కులు వేయరు!

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్లేటును ఛాసిస్‌కే బిగించాలి. గేర్‌బాక్స్‌కు బిగిస్తే దెబ్బ నేరుగా దాని కేసింగ్‌కే తగులుతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌కు, ప్లేటుకు మధ్య ఖాళీ ఉండాలి, ప్లేటు కొంచెం వంగినా సంప్‌ను తాకకూడదు. నీళ్లు, బురద కారిపోవడానికి, ఆయిల్ తీయడానికి రంధ్రాలు కావాలి. ఇక్కడ మాత్రం నా పడవ పోలిక మునిగిపోయింది, ఏం చేస్తాం! అల్యూమినియం ప్లేటుకు స్టీలు బోల్టులు వేస్తే, తడి తగిలినచోట అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు వేయండి. ఎండుగడ్డిలో తిరిగొస్తే ప్లేటు పైన ఇరుక్కున్నదంతా ఆరోజే లాగేయండి, ఎగ్జాస్ట్ వేడికి అంటుకుంటుంది.