పాత పాయ ఎక్కడుంది? నీళ్లు ఎటు పోతున్నాయి?

(కృష్ణా డెల్టా భూగర్భజలాల మీద స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఒక భూభౌతిక శాస్త్రవేత్త, బోర్లు వేసే మేస్త్రి, డెల్టా రైతు.)

యాంకర్: నమస్కారం. ఈ గట్టున బోరు వేస్తే మంచినీళ్లు, ఆ గట్టున వేస్తే ఉప్పు. డెల్టాలో ఇది అందరూ ఎరిగిన గొడవే. ముందు మీ సంగతి చెప్పండి.

రైతు: నాకు రెండున్నర ఎకరాలండి. 40 అడుగుల్లో ఫిల్టర్ పాయింటు, అంటే ఇసుకలోకి దింపిన చిన్న బోరు, ఉంది. పదేళ్లు నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవి. రెండేళ్ల కిందట దాళ్వాలో, అంటే రెండో పంట వరిలో, నారు కొసలు ఎండిపోయాయి. నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పన. పక్క చేలో బోరు మాత్రం బాగానే ఉంది. ఇదేం న్యాయమండి?

శాస్త్రవేత్త: నది చేసిన పంపకం అండి అది. వేల ఏళ్లలో ఎన్నోసార్లు దారి మార్చుకుంది. పాయ పారిన చోట ముతక ఇసుక పడింది. వరద పొంగి పక్కలకు పరుచుకున్న చోట బంకమట్టి పేరుకుంది. పాయ పక్కకు జరిగాక ఇసుక మీద కూడా మట్టి కప్పేసింది. పైన చూస్తే అంతా ఒకటే వరిచేను. డెల్టాలో మంచినీళ్లు ఎక్కువగా దొరికేది ఆ పాత పాయల ఇసుకలోనే, సముద్రం వైపు ఇసుక దిబ్బల్లోనూ.

మేస్త్రి: మేం ఇసుక పర అంటాం. బోరు దింపేటప్పుడు పది అడుగులకోసారి పైకొచ్చిన మట్టిని విడిగా కుప్ప పోస్తాం. వేళ్ల మధ్య గరగరలాడితే జల్లెడ పైపు ఆ లోతులో పెడతాం. దీనికి మీ సైంటిస్టుల హెలికాప్టర్ సర్వే ఎందుకండి?

యాంకర్: (నవ్వు) హెలికాప్టర్ మాట మీరే తెచ్చారు. చెప్పండి సార్.

శాస్త్రవేత్త: హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, వాళ్లు ప్రయాగ్‌రాజ్ ప్రాంతంలో, గంగా యమునల మధ్య హెలికాప్టర్‌తోనే వెతికారు. 2021లో ఫలితాలు ప్రచురించారు. పూడిపోయిన నది ఒకటి బయటపడింది. పొడవు సుమారు 45 కిలోమీటర్లు, వెడల్పు 4 కిలోమీటర్లు, ఇసుక మందం 15 మీటర్లు. హెలికాప్టర్ కింద పెద్ద చట్రం వేలాడుతుంది. అందులో కరెంటు పంపి టక్కున ఆపేస్తారు. దాంతో భూమిలో పుట్టే చిన్న విద్యుత్తు ఎంతసేపట్లో ఆరిపోతుందో కొలుస్తారు. బంకమట్టిలో మెల్లగా ఆరిపోతుంది, మంచినీళ్ల ఇసుకలో చప్పున.

మేస్త్రి: మరి ఉప్పునీళ్ల ఇసుక?

శాస్త్రవేత్త: దొరికిపోయాను! అదీ బంకమట్టిలాగే కనబడుతుంది. మీ మట్టి కుప్పలు పక్కన లేకపోతే ఈ కొలతలతో మేం గీసే రంగుల పటం సగం ఊహే. ఇంకోటి, జానెడు మందం మట్టి పొర ఆకాశం నుంచి కనబడదు. పై ఇసుకనీ కింది ఇసుకనీ విడదీయడానికి ఆ జానెడే చాలు.

యాంకర్: ఇసుక ఎక్కడుందో తెలిసినా నీళ్ల దారి తెలియదంటారా?

శాస్త్రవేత్త: తెలియదండి. రెండు పరలు కలిశాయా లేదా అన్నది ఒక బోరు నడిపి, చుట్టూ ఉన్న బోర్లలో మట్టం చూస్తేనే తేలుతుంది.

మేస్త్రి: అది నిజం. ఒకచోట మోటారు వేస్తే అర కిలోమీటరు అవతల బోరులో నీళ్లు దిగాయి. పక్కనే 100 మీటర్లలో ఉన్న బోరు కదల్లేదు. ఆ రైతు నన్ను నమ్మలేదు.

శాస్త్రవేత్త: పాత పాయ పొడవునా లాగిందన్నమాట. అడ్డంగా మట్టి ఆపేసింది.

యాంకర్: లోపల ఎంత వేగంతో నడుస్తాయి?

శాస్త్రవేత్త: 1856లో డార్సీ అనే ఫ్రెంచి ఇంజినీరు చెప్పిన సూత్రమే ఇప్పటికీ వాడతాం. నీటి మట్టానికి కిలోమీటరుకు మీటరు వాలుంటే, మంచి ఇసుకలో ఏడాదికి ఓ 40 మీటర్లు. డెల్టాలో వాలు అంతకన్నా తక్కువ, కాబట్టి ఇంకా నెమ్మది. కానీ మోటారు ఆడుతున్న చోట ఆ వాలు మోటారే పుట్టిస్తుంది.

రైతు: అయితే నా బోరులోకి ఉప్పు పక్క నుంచి వచ్చిందా, కింద నుంచా?

శాస్త్రవేత్త: చూడకుండా చెబితే జాతకం అవుతుంది. సముద్రం దగ్గరి ఇసుకకు ఒక పాత లెక్క ఉంది. మంచినీటి మట్టం సముద్రం కన్నా అడుగు పైనుంటే, సముద్రమట్టం కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీళ్లు నిలుస్తాయి. ఆ పై అడుగు తోడేస్తే కింది ఉప్పు మెల్లగా పైకి లేస్తుంది. మధ్యలో మట్టి పొర ఉంటే ఈ లెక్క పనిచేయదు.

రైతు: ఇంకో బోరు వేయమంటారా?

శాస్త్రవేత్త: ఇప్పుడే వద్దు. ఒకే లోతులో ఉన్న మూడు బోర్లు తీసుకోండి. వరసగా ఉండకూడదు, త్రికోణంలో ఉండాలి. ఒక రాత్రి మోటార్లన్నీ ఆపి, తెల్లారి మట్టం, ఉప్పదనం కొలవండి. బోర్ల నోళ్లలో ఏది ఎంత ఎత్తులో ఉందో కూడా లెవెల్ పట్టించి కొలవాలి. అప్పుడు నీళ్లు ఎటు జారుతున్నాయో తెలుస్తుంది.

రైతు: రెండు బోర్లు సరేనండి. మూడోది ఆ పక్క చేనే. మా బావమరిదిది. గట్టు తగాదాలో మూడేళ్లుగా మాటల్లేవు.

మేస్త్రి: ఆ బోరు వేసిందీ నేనే. రేపు నేను వెళ్లి అడుగుతాలెండి.