లాగౌట్ బటన్ వెనకాల ఏం జరగాలి

అందరికీ నమస్కారం. లాగిన్ గురించి చెప్పమంటే ఈ హాల్లో ఎవరైనా గంటసేపు చెబుతారు. పాస్‌వర్డ్ హ్యాషింగ్, ఓటీపీ, క్యాప్చా, ఇలా బోలెడు సరుకుంది. లాగౌట్ అనేసరికి మాత్రం "దాందేముందండీ, కుకీ తీసేస్తే సరి" అంటారు. ఇంటర్వ్యూల్లో నేను చాలామంది నోట విన్న మాట ఇది. ఈరోజు నా పేచీ అంతా ఆ మాటతోనే. కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీ.

మనకు సొంత ల్యాప్‌టాప్‌లు వచ్చాక లాగౌట్ నొక్కే అలవాటే పోయింది. కానీ ఎంసెట్, అదే ఇప్పటి ఎప్‌సెట్, కౌన్సెలింగ్ రోజుల్లో అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి చూడండి. ఒక కుర్రాడు కుర్చీలోంచి లేచీ లేవకముందే ఇంకో అమ్మాయి కూర్చుంటుంది, వెనకాల వాళ్ల నాన్న కాగితం పట్టుకుని కాలేజీ కోడ్‌లు చదువుతుంటాడు. అలాంటి సిస్టమ్ మీద మనం రాసిన యాప్ ఉండి, ముందు కుర్రాడి సెషన్, అంటే అతను లాగిన్ అయి ఉన్న స్థితి, ఇంకా బతికే ఉంటే? ఆ అమ్మాయి పెట్టిన ఆప్షన్లు అతని ఖాతాలో పడతాయి. ఎవరికీ దురుద్దేశం అక్కర్లేదు.

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ. దానికి జ్ఞాపకం ఉండదని మీకు తెలుసు. ప్రతి రిక్వెస్టూ దానికి కొత్త మొహమే. ఈ లోటు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లి కుకీని తెచ్చాడు. మీరు లాగిన్ అవగానే సర్వర్ ఊహకందని ఒక పొడుగాటి నంబర్ తయారుచేసి, అది ఫలానా యూజర్‌దని రెడిస్ అనే వేగవంతమైన డేటా స్టోర్‌లోనో డేటాబేస్‌లోనో రాసుకుంటుంది. అదే నంబర్‌ను కుకీగా బ్రౌజర్‌కిస్తుంది. అంటే ఆనవాలు రెండు చోట్ల ఉంది. కుకీ తీసేస్తే పోయేది బ్రౌజర్‌లోదే. సర్వర్‌లో రాసుకున్నది అలాగే ఉంటుంది, ఆ నంబర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మీరు.

"నంబర్ వేరేవాళ్లకి ఎలా దొరుకుతుంది?" అంటారా. 2010లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అని ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వదిలాడు. పాస్‌వర్డ్ లేని వైఫైలో పక్క టేబుల్ వాళ్ల కుకీ పట్టుకుని, డబుల్ క్లిక్‌తో వాళ్ల ఖాతాలోకి వెళ్లిపోగలిగేవాళ్లు. లాగిన్ పేజీకి మాత్రమే హెచ్‌టీటీపీఎస్, అంటే దారిలో ఎవరూ చదవలేని హెచ్‌టీటీపీ, పెట్టి చేతులు దులుపుకునే సైట్ల పరువు దాంతో పోయింది. కుకీకి సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్ మీదే పంపు), హెచ్‌టీటీపీ-ఓన్లీ (పేజీలోని జావాస్క్రిప్ట్‌కి చూపకు) గుర్తులు పెట్టమని ఊరికే చెప్పరు.

ఇంటికెళ్లి మీ యాప్ మీదే ఒక పరీక్ష చేయండి. లాగిన్ అయ్యి, డెవలపర్ టూల్స్‌లో అప్లికేషన్ ట్యాబ్ తెరిచి, సెషన్ కుకీ విలువ కాపీ చేసుకోండి. లాగౌట్ నొక్కండి. ఇప్పుడు కర్ల్ అనే కమాండ్‌తో ఆ పాత కుకీ పెట్టి ప్రొఫైల్ పేజీ అడగండి. 401 (లాగిన్ కాలేదు) వచ్చినా, లాగిన్ పేజీకి 302 (అటు వెళ్లు) వచ్చినా మంచిదే. 200 (అంతా సరే) వచ్చి మీ పేరు కనబడితే మీ లాగౌట్ బటన్ ఉత్త అలంకారం. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో లాగౌట్ ఫంక్షన్ సర్వర్‌లోని సెషన్‌ను పూర్తిగా తుడిచేస్తుంది. పీహెచ్‌పీలో సెషన్-డిస్ట్రాయ్ డేటాను చెరిపేస్తుంది గానీ కుకీ జోలికి పోదు. దాన్ని మీరే తీయాలి.

జేడబ్ల్యూటీ, అంటే యూజర్ వివరాలు, గడువు రాసి సర్వర్ సంతకం పెట్టిచ్చే టోకెన్, దాని దగ్గర గొడవ ముదురుతుంది. అది స్టూడెంట్ బస్‌పాస్ లాంటిది. కండక్టర్ ముద్ర, తేదీ చూస్తాడు, డిపోకి ఫోన్ చేసి అడగడు. కుర్రాడు కాలేజీ మానేసినా తేదీ దాకా పాస్ చెల్లుతుంది. సర్వర్ కూడా టోకెన్ మీద సంతకం, గడువు మాత్రమే చూస్తుంది, అందుకే లాగౌట్ చేసినా కాపీ చేసిన టోకెన్ గడువు దాకా పనిచేస్తూనే ఉంటుంది. గడువు పది పదిహేను నిమిషాలకు కుదించి, కొత్త టోకెన్ తెచ్చుకోవడానికి వాడే రిఫ్రెష్ టోకెన్‌ను డేటాబేస్‌లో ఉంచి లాగౌట్‌లో చెరిపేయొచ్చు. లేదంటే రద్దయిన టోకెన్ల జాబితా పెట్టి ప్రతిసారీ చూడొచ్చు. ప్రతిసారీ చూసేటట్టయితే మరి జేడబ్ల్యూటీ ఎందుకు తెచ్చుకున్నట్టు? నన్నడిగితే మామూలు వెబ్‌సైట్‌కి మామూలు సెషన్ చాలు. పక్క టీమ్ వాడుతోందని మనమూ వాడక్కర్లేదు.

లాగౌట్‌ను మామూలు లింకుగా, అంటే పేజీ చూపించమని మాత్రమే అడిగే గెట్ రిక్వెస్ట్‌గా పెట్టకండి. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనేది వచ్చింది. వేగం కోసం పేజీలోని లింకులను యూజర్ నొక్కకముందే తనే తెరిచేది. గెట్ లింకులుగా పెట్టిన డిలీట్‌లు కూడా అలాగే నడిచిపోయి జనం లబోదిబోమన్నారు. ఇంకెవరో తమ పేజీలో బొమ్మ చిరునామాగా మీ లాగౌట్ లింకు పెట్టినా అంతే, మీ యూజర్ తనకు తెలియకుండానే లాగౌట్ అయిపోవచ్చు. మార్పులు చేయడానికి వాడే పోస్ట్ రిక్వెస్ట్ వాడండి, అది మీ పేజీ నుంచే వచ్చిందని తేల్చే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ జత చేయండి. జాంగో కూడా తన లాగౌట్ వ్యూలో గెట్‌ను 4.1లో వద్దని హెచ్చరించి, 5.0లో తీసేసింది.

లాగౌట్ సరిగ్గానే అయినా బ్యాక్ బటన్ నొక్కితే పాత పేజీ కనబడొచ్చు. అది బ్రౌజర్ దాచుకున్న కాపీ. సొంత వివరాలుండే పేజీలకు క్యాష్-కంట్రోల్ హెడర్‌లో నో-స్టోర్, అంటే కాపీ దాచుకోవద్దు, అని పంపండి. లాగౌట్ జవాబులో, సైట్ దాచినవన్నీ చెరిపేయమని బ్రౌజర్‌కి చెప్పే క్లియర్-సైట్-డేటా హెడర్ కూడా పెడితే ఇంకా మేలు.

బటన్ నొక్కని వాళ్ల సంగతి టైమవుట్ చూసుకోవాలి. పీహెచ్‌పీలో సెషన్ డేటాకి డిఫాల్ట్ గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. జాంగోలో రెండు వారాలు. ఇంటర్నెట్ సెంటర్‌కి రెండు వారాలు దారుణం. అలాగని మరీ బిగిస్తే, నాలుగు పేజీల ఫారం నింపి సబ్మిట్ నొక్కాక "సెషన్ ఎక్స్‌పైర్డ్" అని వస్తుంది. ఆ టెన్షన్ మనమంతా పడ్డవాళ్లమే. గడువు తీరబోతోందని ముందే చెప్పండి, నింపినంతవరకు సర్వర్‌లో డ్రాఫ్ట్‌గా దాచండి.

చివరగా "గూగుల్‌తో లాగిన్" బటన్. యూజర్ మీ యాప్‌లోంచి లాగౌట్ అయినా, ఆ బ్రౌజర్‌లో గూగుల్ సెషన్ అలాగే ఉంటుంది. తర్వాత కూర్చున్నవాళ్లు అదే బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లిపోవచ్చు. ఖాతా ఎంచుకునే తెర చూపించమని గూగుల్‌ని అడగొచ్చు గానీ, అక్కడ పాత ఖాతా మీద నొక్కితే మళ్లీ అదే కథ. అందుకని లాగౌట్ అయ్యాక వచ్చే పేజీలో "ఇది మీ సొంత కంప్యూటర్ కాకపోతే గూగుల్ నుంచి కూడా లాగౌట్ అవ్వండి" అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి, పక్కన లింకు పెట్టండి.

ఇక ప్రశ్నలు అడగండి. మైక్ వెనక వరస నుంచి మొదలుపెడదాం.