పేరు లేని మెసేజ్ ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

యాంకర్: గాజువాక నుంచి ఇంజనీరింగ్ చదివే అమ్మాయి లైన్లో ఉంది. టంబ్లర్ అనే బ్లాగుల సైట్‌లో ఒకరికి పేరు పెట్టకుండా ప్రశ్న పంపిందట, వెళ్లిందో లేదో చూద్దామంటే ఎక్కడా కనిపించట్లేదంటోంది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్: కనిపించదమ్మా. అక్కడ పంపిన ప్రశ్నలకి ఈమెయిల్‌లో ఉన్నట్టు ‘సెంట్’ ఫోల్డర్ లేదు. పేరు లేని ప్రశ్నకి అవతలివాళ్లు ప్రైవేటుగా జవాబివ్వలేరు, అందరికీ కనిపించేలా పోస్టు చేయాల్సిందే, అది కూడా వాళ్లకి ఇష్టమైతేనే. ఈసారి నుంచి పంపే ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

యాంకర్: మరి మనకొచ్చిన మెసేజ్ ఎవరిదో కనుక్కోవాలంటే?

ఇంజనీర్: మనకి తెలియదండీ, కంపెనీకి ఆనవాలు ఉంటుంది. అలాంటి మెసేజ్‌ని బ్లాక్ చేస్తే, పేరు మనకి చెప్పకుండానే పంపినవాళ్లని ఆపేస్తుంది కదా, ఐపీ అడ్రస్, అంటే నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు, లాంటిది ఏదో ఒకటి దగ్గర లేకపోతే ఎలా ఆపుతుంది?

లెక్చరర్: పిల్లలకి ఈ తేడా తెలియకే మోసపోతున్నారు. పేరు లేకుండా మెసేజ్‌లు పంపుకునే ఎన్‌జీఎల్ అనే యాప్ ఉంది కదా, దాని మీద అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసు చూడండి. కంపెనీ తనే నకిలీ మెసేజ్‌లు పంపి, ఎవరు పంపారో చెప్తామని వారానికి 9.99 డాలర్ల దాకా వసూలు చేసిందని ఆరోపణ. డబ్బు కట్టాక వచ్చేది పేరు కాదు, ఎన్నింటికి పంపారు, ఐఫోనా ఆండ్రాయిడా, ఇలాంటివే. 2024 జులైలో 50 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు, 18 ఏళ్ల లోపువాళ్లకి ఆ యాప్ ఇవ్వకూడదన్న షరతు కూడా పడింది. మా కాలేజీలో ఒకమ్మాయి, మెసేజ్‌లో వాళ్ల అక్క పెళ్లికి తను వేసుకున్న లంగావోణీ ప్రస్తావన చూసి, ఆ లంగావోణీ ఫొటో చూసింది నువ్వొక్కదానివే, పంపింది నువ్వే అని పక్క బెంచీ పిల్లతో మాట్లాడటమే మానేసింది. నాకు ఆ పక్క బెంచీ పిల్లని చూస్తే కడుపు తరుక్కుపోయింది.

యాంకర్: బెదిరింపులొస్తే ఏం చేయాలి మేడమ్?

అడ్వకేట్: ముందు డిలీట్ చేయొద్దు. భయంతో చాలామంది చేసే పని అదే, అక్కడే కేసు బలహీనపడుతుంది. తేదీ, టైమ్, అకౌంట్ పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో దగ్గర్లోని స్టేషన్‌లోనో ఫిర్యాదు ఇవ్వండి. పేరు దాచి బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351(4) కింద, మామూలు బెదిరింపు శిక్షకి అదనంగా రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే ఒళ్లు మండించే ప్రతి మాటా నేరం కాదు. చిరాకు పెట్టే మెసేజ్‌లకి కూడా శిక్ష వేసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

ఇంజనీర్: ఒక్కమాట మేడమ్. ఐపీ దొరికినా అది హాస్టల్ వైఫైది అయితే, ఆ గదుల్లో ఉన్నవాళ్లందరి మీదా అనుమానం వస్తుంది.

అడ్వకేట్: నిజమే, అందుకే ఆ పని పోలీసులకి వదిలేయాలి. ఫోన్లు, లాగిన్ టైములు అన్నీ కలిపి చూసేది వాళ్లు. ఫ్రెండ్స్ గ్రూపులో ‘వీడే అయ్యుంటాడు’ అని పేరు పెట్టేస్తే పరువు నష్టం కేసు మీ మీదకే రావచ్చు.

కాలర్: నాకు ఇలాంటివి అసలు రాకుండా చేసుకోవచ్చా సార్?

ఇంజనీర్: చేసుకోవచ్చమ్మా. బ్లాగ్ సెట్టింగ్స్‌లో పేరు లేని ప్రశ్నలని ఆపేసే ఆప్షన్ ఉంది, ఇవాళే ఆపేసెయ్.