పూచీ మనుషులు లేకుండా పొలిమేర దాటిన రాజు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పావుగంటా వాటికే సరిపోతుంది, మన్నించాలి.

ఆహ్వాన పత్రికలో ‘స్వీడన్ రాజుల విజయయాత్ర’ అని వేశారు. నా పేచీ ఆ మాటతోనే. కొత్త రాజు సీమలన్నీ తిరిగొచ్చే ఆ యాత్ర అసలు పేరు ఎరిక్స్‌గాటా. ఎరిక్స్‌గాటా విజయయాత్ర ఎలా అవుతుందండీ? ఉప్సలా దగ్గర మోరా రాళ్ల వద్ద ఎన్నికైనంత మాత్రాన పని అయిపోదు. సీమ సీమకూ వెళ్లి, అక్కడి చట్టం తప్పనని ప్రమాణం చేసి, వాళ్ల నోట రాజువని అనిపించుకోవాలి.

దారి చెబుతాను. కాదు, ముందు వెస్టర్‌యోట్లాండ్ సీమ పొలిమేరలోని యూనెబెక్ వాగు దగ్గర ఆగుదాం. 13వ శతాబ్దపు వెస్టర్‌యోట్లాండ్ చట్టంలో లెక్క కచ్చితంగా ఉంది. సీమ దక్షిణం నుంచి ఇద్దరు, ఉత్తరం నుంచి ఇద్దరు పూచీ మనుషులు, అంటే రాజు క్షేమానికి హామీగా సీమవాళ్లు పంపేవాళ్లు. వాళ్ల వెంట మరో నలుగురు. రాజు తమ సీమలోకి చట్టప్రకారమే వచ్చాడని ఓస్టర్‌యోట్లాండ్ నుంచి వెంట వచ్చిన పూచీదార్లు అక్కడ సాక్ష్యం చెప్పాలి. తర్వాత టింగ్‌లో, అంటే సీమవాసుల సభలో, ప్రమాణం. ‘నువ్వు రాజువి’ అని మొదట తీర్పు చెప్పేది లాగ్మన్, అంటే సీమ చట్టం తెలిసిన పెద్ద. అప్పుడు రాజు ముగ్గురు నేరస్థులకు క్షమాభిక్ష పెట్టాలి. నీచద్రోహం చేసినవాళ్లకు మాత్రం అది వర్తించదు.

ఈ పూచీ లాంఛనమనుకుంటున్నారా? 12వ శతాబ్దపు మొదటి సగంలో రాగ్న్‌వాల్డ్ అనే రాజు పూచీ మనుషులు లేకుండానే ఈ సీమలోకి గుర్రం తోలాడు. ఫాల్షోపింగ్ దగ్గర కార్లెబీలో చంపేశారు. ఆ చట్టంతో పాటే వచ్చిన రాజుల జాబితా కారణం కూడా రాసింది: సీమ మొత్తాన్నీ అవమానించాడట. గమనించండి, అది కత్తి దూసినందుకు కాదు, పూచీ అడగనందుకు!

దారి మిగిలిపోయింది కదూ. 14వ శతాబ్దంలో మాగ్నుస్ ఎరిక్సన్ రాజు చట్టం దాన్ని ఖరారు చేసింది. ఉప్‌లాండ్ (ఉప్సలా ఉన్న సీమ) నుంచి సోడర్మన్లాండ్, స్విన్టునాలో రాజును ఓస్టర్‌యోట్లాండ్ వాళ్ల చేతికి, హోలావేడెన్ అడవి నడుమ స్మోలాండ్ వాళ్ల చేతికి, యూనెబెక్‌లో మన వెస్టర్‌యోట్లాండ్ వాళ్ల చేతికి, రామున్డెబూడాలో నెర్కే వాళ్ల చేతికి. చివరికి ఉప్‌బోగా వంతెన, ఓస్టెన్ వంతెన దాటి మళ్లీ ఉప్‌లాండ్. పొద్దు తిరిగే వైపే, మన ప్రదక్షిణలాగా. ఇంతా చేసి, ప్రతి అప్పగింతా అడవి మధ్యనో, వాగు ఒడ్డునో, వంతెన దగ్గరో! పొలిమేర దాటితే నిన్నటి కాపలా చెల్లదు.

1544లో కిరీటం వారసత్వం కింద పడింది. ఇక అనుమతి అడగాల్సిన పనేముంది? పాత పద్ధతిలో చివరగా తిరిగింది తొమ్మిదో కార్ల్, 1609లో. ఆ ఒక్కదాన్నీ ఊరేగింపు అనండి, ఒప్పుకుంటాను. మిగతావాటికి మాత్రం, అయ్యా కార్యదర్శిగారూ, వచ్చే పత్రికలో మాట మార్చండి.