గ్రానైట్ బురద సిమెంటు కాదు
(నల్లగొండలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల వాళ్లు, పేవర్ బ్లాకుల తయారీదార్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు కూసున్న అన్నలకు, అక్కలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే భోజనాల టైం అయితది, మన్నించాలె.

గ్రానైట్ కోసిన బురదతోటి ఏమేం చేయొచ్చో చెప్పమన్నరు. ఇటుకలు, పేవర్ బ్లాకులు, గోడ బ్లాకులు అన్నీ అయితయి. కానీ ముందు ఒక మాట తేలాలె. "ఈ పొడి వేస్తే సిమెంటు తగ్గించొచ్చు" అని ఒక ప్రచారం నడుస్తున్నది. తగ్గించొద్దు. తగ్గిస్తే బ్లాకు అంచులు చేతిల రాలుతయి.

"గ్రానైట్‌ల 70 శాతం దాకా సిలికా ఉంటది, ఫ్లైయాష్‌ల, అంటే కరెంటు కేంద్రాల బొగ్గు బూడిదల, ఉన్నది గూడ సిలికానే గద" అంటరు. బొగ్గు మండినప్పుడు బూడిద కరిగి గబుక్కున చల్లారుతది. దాంట్ల సిలికా గాజు రూపంల ఉంటది కాబట్టి సిమెంటు నుంచి వచ్చే సున్నంతోటి కలిసి గట్టిపడుతది. మిర్యాలగూడ మిల్లుల ఊక బూడిద గూడ, మరీ ఎక్కువ వేడికి పోకుండ కాలిస్తే అట్లనే పనిచేస్తది. గ్రానైట్‌ల సిలికా స్ఫటికం. ఎంత మెత్తగ చేసినా మామూలు క్యూరింగ్‌ల సున్నంతోటి కలవదు. సిమెంటు తగ్గించాల్నంటే ఫ్లైయాష్ వాడుండ్రి. గ్రానైట్ పొడి ఇసుక జాగల పోవాలె.

ఇగ లెక్క. 60 ఎం.ఎం. పేవర్ బ్లాకుకు, ఎం-35 గ్రేడుకు (28 రోజులకు చదరపు ఎం.ఎం.కు 35 న్యూటన్ల బలం), ఒక బస్తా సిమెంటు మీద మొదలుపెట్టే మిక్స్ చెప్త, రాసుకోండ్రి. సిమెంటు 50 కిలోలు, 6 ఎం.ఎం. చిప్స్ 100, కడిగిన రోబో సాండ్, అంటే రాళ్లు దంచి చేసిన క్రషర్ ఇసుక, 120, గ్రానైట్ పొడి ఆరిన లెక్కల 15, నీళ్లు మొత్తం 20 లీటర్లు. కడిగిన సాండ్ అని ఎందుకు నొక్కి చెప్తున్న? కంకర, ఇసుకల భారత ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం క్రషర్ ఇసుకల 75 మైక్రాన్ల కన్నా సన్నది 15 శాతం దాటొద్దు. కడిగిన సాండ్‌ల సన్నపొడి 4 శాతం ఉందనుకోండ్రి. 120 కిలోలల్ల 4.8, మన పొడి అంతా సన్నదే అనుకుంటే 15, కలిపితే 19.8. మొత్తం 135 కిలోలల్ల అది 14.7 శాతం, గీత లోపలే ఉన్నది. అదే 10 శాతం సన్నపొడి ఉన్న కడగని డస్ట్ తెస్తే? 12కు 15 కలిసి 27, అంటే 20 శాతం. మిక్స్ జిగటగ అయితది, పనోడు నీళ్లు పోస్తడు, బలం పోతది, ఎండినంక సన్న పగుళ్లు వస్తయి.

నీళ్ల దగ్గరనే అసలు మోసం. బురదల నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్‌ల నుంచి వచ్చిన కేక్, అంటే గట్టి ముద్ద, చేతికి పొడిగ తగుల్తది, కానీ లోపల నీళ్లుంటయి. కిలో కేక్ పెనం మీద వేసి, బరువు ఇంక తగ్గకుండ అయ్యేదాకా వేడి చేయుండ్రి. 750 గ్రాములు మిగిలితే నాలుగో వంతు నీళ్లే. అప్పుడు 15 కిలోల పొడి కావాల్నంటే 20 కిలోల కేక్ తీసుకోవాలె, దాంతో 5 లీటర్ల నీళ్లు ఎట్లనూ వస్తయి. మీరు పోయాల్సింది 15 లీటర్లే. మరిచిపోయి 20 పోస్తే సిమెంటుకు నీళ్ల నిష్పత్తి 0.4 నుంచి 0.5కు పోతది. సాండ్‌ల తడి గూడ ఇట్లనే చూసి తీసేయాలె. బ్లాకు పాడైనప్పుడు సిమెంటు కంపెనీని తిట్టేటోళ్లు ఈ లెక్క చూసుకున్నరా?

కేక్‌ను ఎండబెట్టి, నూరి, జల్లెడ పట్టే పని పెట్టుకోకుండ్రి. పోసే నీళ్లల్లనే డ్రమ్ముల చిలికి మిక్సర్‌ల పోయుండ్రి. ముద్దలుండవు, దుమ్ము లేవదు. ఆ దుమ్ముతోటి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తది, దాన్ని నయం చేసే మందు లేదు. షాద్‌నగర్ దిక్కు పలుగురాయి మిల్లులల్ల పనిచేసినోళ్లకు ఇది చెప్పనక్కర లేదు. మొఖానికి తువ్వాల చుట్టుకుంటే ఆగే దుమ్ము కాదది.

ఒక మాట పక్కకు పోతున్న, ఏమనుకోకుండ్రి. నల్లగొండ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కడిది? మన బండలల్ల ఉన్న ఖనిజాలదే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరి మన జిల్లా పేరే పెట్టింది. ఆ బండనే మైదా లెక్క మెత్తగ చేసి, రాత్రిపూట ట్యాంకర్లల్ల తెచ్చి చెరువు శిఖంల గుమ్మరిస్తున్నరు! ఇది నా అసలు బాధ. బోరు పక్కన పోసేటోళ్లు ఈ హాల్‌ల లేరనుకుంట. ఉంటే ఇయ్యాల్నే బందు పెట్టుండ్రి.

సరే, మిక్స్‌కు వస్త. గ్యాంగ్ సా, అంటే ఒకేసారి చాలా బ్లేడ్లతోటి బండ కోసే పెద్ద రంపం, దాని బురద అయితే దాంట్ల ఉక్కు రవ్వలు, సున్నం కలిసుంటయి. ఆరిన పొడిని కాయితం మీద పరిచి, అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి తిప్పుండ్రి. రవ్వలు అంటుకుంటే ఆ లాట్ పేవర్ల పైపొరకు వద్దు, వానలు పడ్డంక తుప్పు మచ్చలు లేస్తయి. డైమండ్ బ్లేడు బురదకు ఈ తిప్పలు ఉండదు. తాండూరు నాపరాళ్ల బురద సంగతి వేరు, అది సున్నపురాయి. నాణ్యత కుదిరితే సిమెంటు ఫ్యాక్టరీ ముడిసరుకుల కలుస్తది. గ్రానైట్‌ను అట్ల కొలిమికి పంపలేం, పొటాష్, సోడా ఎక్కువ.

బ్లాకులను కనీసం 7 రోజులు తడి ఆరకుండ నీడన ఉంచాలె. 28 రోజుల బలంతో పాటు నీళ్లు పీల్చుడు గూడ చూడాలె, సగటున 6 శాతం దాటితే ఆ మిక్స్ పక్కకు పెట్టుండ్రి.

వెనక బల్ల మీద గ్యాస్ పొయ్యి, పెనం, కాటా ఉన్నయి. కేక్ సంచులు తెచ్చుకున్నోళ్లు వరుసగ రాండ్రి, ముందు తడి తూకం రాసి పెడదాం.