మానసిక కారణాలతో సైన్యం నుంచి బయటికొచ్చాక మళ్లీ చేరాలంటే

అందరికీ నమస్కారం. ఎక్కువ ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వచ్చేస్తాను. అమెరికా సైన్యం నుంచి మెంటల్ హెల్త్ కారణంతో బయటికొచ్చినవాళ్లు మళ్లీ చేరగలరా అంటే, కొందరు చేరగలరు, చాలామందికి కుదరదు, మీరు ఏ కోవలోకి వస్తారో మాత్రం రిక్రూటర్‌కి ఒక ఫోన్ కొడితే తేలే సంగతి కాదు. ఆయనకి నెలవారీ టార్గెట్లుంటాయి, మీ ఫైలు కదిలేలోపు ఏ గొడవా లేని కుర్రాళ్లని ఇద్దర్ని చేర్పించుకోవచ్చు, అందుకని మీ మాట పూర్తవకముందే "కష్టమండీ" అనేస్తాడు. అది విని ఏళ్ల తరబడి మళ్లీ అడగనివాళ్లున్నారు. వైవర్, అంటే అనర్హత ఉన్నా చేరనిచ్చే మినహాయింపు, ఇచ్చే అధికారం రిక్రూటర్‌కి లేదు, ఇవ్వం అని తేల్చే అధికారమూ లేదు. అది పైనుంచి రావాల్సిందే.

కాబట్టి ఫోన్ కన్నా ముందు మీ డీడీ-214, అంటే సైన్యం నుంచి బయటికొచ్చినప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ కాగితం, తీయండి. అందులో పొట్టి కాపీ ఒకటుంటుంది, దాంట్లో అసలు సంగతులు ఉండవు. మెంబర్-4 అని రాసి ఉన్న కాపీ కావాలి. పోయిందంటే సెయింట్ లూయిస్‌లో ఉన్న నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కి అప్లై చేస్తే పంపిస్తారు. ఆ కాగితం అడుగున 23 నుంచి 28 దాకా గళ్లు చూడండి. 24లో ఆనరబులా, జనరలా, లేక ఏ రకమో తేల్చకుండా "అన్‌క్యారెక్టరైజ్డ్" అని రాశారా అన్నది ఉంటుంది. 27లో రీ-ఎంట్రీ కోడ్. ఆర్మీలో ఆర్‌ఈ-1 అంటే ఇబ్బంది లేదు, ఆర్‌ఈ-3 అంటే అడ్డంకి ఉంది కానీ వైవర్ అడగొచ్చు, ఆర్‌ఈ-4 అంటే దాదాపు దారి మూసుకుపోయినట్టే. ఎయిర్‌ఫోర్స్‌లో 2సీ లాంటి వేరే కోడ్లు ఉంటాయి, వాటిని ఆర్మీ లెక్కతో చదివి కంగారు పడకండి. 28లో కారణం రాస్తారు. నన్నడిగితే ముందు చదవాల్సింది ఈ 28నే.

అక్కడ "కండిషన్, నాట్ ఎ డిజబిలిటీ" అని ఉంటే చాలాసార్లు వెనకాల ఉండేది కొత్త ఒత్తిడిని మనసు తట్టుకోలేకపోయే అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్. బూట్ క్యాంప్‌లో మొదటి వారాలు, నిద్ర లేదు, ఇంటి మీద బెంగ, ఒకరోజు చాప్లిన్ (సైన్యంలోని మతగురువు) దగ్గర ఏదో అన్నాడు, అక్కణ్నుంచి క్లినిక్, ఇంకొన్నాళ్లకి ఇల్లు. ఇలా వచ్చినవాళ్లే ఎక్కువ సిగ్గుపడతారు, చుట్టాలకి మోకాలి నొప్పి అని చెప్పుకుంటారు, కానీ తిరిగి చేరే అవకాశం ఎక్కువున్నది కూడా వీళ్లకే. చేరికలకి వైద్య ప్రమాణాలు చెప్పే రక్షణ శాఖ నిబంధన 6130.03 ప్రకారం, అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ ఒక్కసారే వచ్చి, దీర్ఘకాలం సాగకుండా, లక్షణాలూ చికిత్సా ఆగి ఆరు నెలలు దాటితే అదొక్కటే అనర్హత కాదు. పాత డిశ్చార్జ్‌కి వైవర్ మాత్రం అడగాల్సిందే.

28లో "పర్సనాలిటీ డిజార్డర్" అని ఉంటే కథ వేరు. 2001 నవంబర్ నుంచి 2007 జూన్ దాకా సుమారు 26,000 మందిని ఈ కారణం కింద పంపించేశారని, పాటించాల్సిన పద్ధతులు చాలా కేసుల్లో పాటించలేదని ప్రభుత్వ ఆడిట్ సంస్థ గావో 2008లో చెప్పింది. వాళ్లలో దాదాపు 2,800 మంది ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో పనిచేసి వచ్చినవాళ్లు. యుద్ధం నుంచి వచ్చినవాడికి నిద్ర పట్టకపోతే నీ స్వభావమే అంత అని రాసి పంపడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. మీ కాగితం అలాంటిదైతే వైవర్ కోసం తిరిగే ముందు కాగితాన్నే సరిచేయించుకోండి. డిశ్చార్జ్ అయి 15 ఏళ్లలోపైతే డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకి డీడీ-293 ఫారం, లేదంటే రికార్డుల సవరణ బోర్డుకి డీడీ-149. రెండో దానికి తప్పు తెలిసినప్పటి నుంచి మూడేళ్ల గడువుంది, న్యాయం కోసం దాన్ని సడలించే వీలు బోర్డుకి ఉంది. పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత వదలని మానసిక సమస్య) లాంటివి ఉన్నవాళ్ల దరఖాస్తుల్ని ఉదారంగా చూడాలని 2014లోనూ 2017లోనూ పెంటగాన్ మెమోలు ఇచ్చింది, వాటిని మీ దరఖాస్తులో ప్రస్తావించండి.

డ్యూటీకి ఫిట్టా కాదా తేల్చే మెడికల్ బోర్డు ద్వారా వచ్చినవాళ్ల గురించి క్లుప్తంగా చెప్తాను. 30 శాతం, ఆపైన వైకల్యం రేటింగ్ వస్తే రిటైర్‌మెంట్, తక్కువైతే ఒకేసారి కొంత డబ్బు. తాత్కాలిక రిటైర్‌మెంట్ జాబితాలో పెట్టి ఉంటే తర్వాతి పరీక్షలో ఫిట్ అని తేలినవాళ్లకి తిరిగి డ్యూటీలో చేరే దారి అక్కడే ఉంది, రిక్రూటర్ దాకా పోకముందే ఆ సంగతి కనుక్కోండి.

డిప్రెషన్, యాంగ్జైటీ ఉన్నవాళ్లకి 36 నెలల లెక్క ఒకటుంది. లక్షణాలు గానీ చికిత్స గానీ గత 36 నెలల్లో ఉంటే అనర్హత కిందే లెక్క, హాస్పిటల్లో చేరి ఉన్నా, మొత్తం మీద ఏడాదికి మించి చికిత్స తీసుకున్నా అంతే. నిబంధన ఉద్దేశం మంచిదే కావచ్చు. జరిగేది ఏంటంటే, కుర్రాడు గడియారం మొదలవుతుందని డాక్టర్‌కి చెప్పకుండా మందులు మానేస్తాడు. దయచేసి ఆ పని చేయకండి. ఆపాలా వద్దా అన్నది డాక్టర్‌తో కూర్చుని తేల్చుకునే విషయం, ఆపలేని పరిస్థితైతే యూనిఫామ్ కన్నా ప్రాణం ముఖ్యం. మాజీ సైనికులకి ఎప్పుడైనా 988కి ఫోన్ చేసి 1 నొక్కితే మనిషి పలుకుతారు.

దాచిపెట్టి చేరిపోదాం అనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 2022 నుంచి మెప్స్‌లో, అంటే చేరేవాళ్లకి వైద్య పరీక్షలు చేసే కేంద్రంలో, జెనెసిస్ అనే రికార్డుల వ్యవస్థ వచ్చింది. మీరు ఫారంలో "లేదు" అని టిక్ పెట్టి డాక్టర్ ముందు కూర్చుంటారు, ఆయన స్క్రీన్ మీద ఎప్పుడో కాలేజీ రోజుల్లో ఫార్మసీలో తీసుకున్న సెర్ట్రలీన్ (డిప్రెషన్ మందు) తేదీతో సహా కనిపిస్తుంది, తల ఎత్తకుండానే "ఇదేంటి?" అంటాడు. ఇక అక్కణ్నుంచి అడిగేది జబ్బు గురించి కాదు, అబద్ధం గురించి. దొరక్కుండా చేరిపోయినా తర్వాత బయటపడితే సైనిక చట్టం 104ఏ ఆర్టికల్ కింద మోసపూరిత చేరిక అవుతుంది. ఆ రెండో డిశ్చార్జ్ మొదటిదానికన్నా ఘోరంగా ఉంటుంది.

మరి వైవర్ ఫైలు చదివేవాళ్లు దేనికోసం చూస్తారు? పశ్చాత్తాపం కోసం కాదు. మీరు బయట ఒత్తిడిలో ఎలా నిలబడ్డారన్నది చూస్తారు. నైట్ షిఫ్టులున్న ఉద్యోగం మానకుండా చేశారా, చదువు పూర్తిచేశారా, అంబులెన్స్‌లోనో ఫైర్ డిపార్ట్‌మెంట్‌లోనో పనిచేశారా, ఇలాంటివి. "ఇతను ఫిట్" అని డాక్టర్ రాసిచ్చే ఒక్క లైను లెటర్ ఎందుకూ పనికిరాదు. అసలు జబ్బేంటి, ఎప్పుడు మొదలైంది, చివరి మందు ఏ తేదీన ఆపారు, ఆ తర్వాత ఏ కష్టం వచ్చినప్పుడు మనిషి ఎలా ఉన్నాడు, ఇవన్నీ ఆ లెటర్లో ఉండాలి. పాత డయాగ్నోసిస్ తప్పని మీకు అనిపిస్తే వాదించకండి, బయటి సైకాలజిస్ట్‌తో పూర్తి పరీక్ష చేయించి రిపోర్టు జతచేయండి.

ఒక చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) దగ్గర పీటీఎస్‌డీకి 70 శాతం రేటింగ్ తీసుకుంటూ, ఇటు మెప్స్‌లో నాకేమీ లేదంటే రెండు కాగితాలూ ఒకే ఫైలులో పక్కపక్కన కూర్చుంటాయి. రేటింగ్ ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు, కానీ వివరణ మీరే ఇవ్వాలి. చేరాక డ్యూటీ జీతం, వీఏ పరిహారం ఒకే రోజులకి రెండూ తీసుకోవడం కుదరదు. ఇంట్లో ఆ డబ్బు మీద ఆధారపడినవాళ్లుంటే వాళ్లతో ముందే మాట్లాడండి.

ఒక బ్రాంచి కాదన్నదని ఇంకోటి కూడా కాదనాలని లేదు, ఎవరి వైవర్లు వాళ్లవి. ఆర్మీ వద్దంటే నేషనల్ గార్డ్‌ని అడగొచ్చు, ఏడాది ఆగి కొత్త కాగితాలతో మళ్లీ అడగొచ్చు. ఇక ప్రశ్నలు తీసుకుంటాను. మీ కేసు వివరాలు అందరిముందూ చెప్పక్కర్లేదు, 27లో, 28లో ఏముందో చెప్పండి చాలు.